గుట్టను గీసినోళ్లు, గుట్టను అమ్మేటోళ్లు

ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో బొమ్మల చదువు పూర్తి చేసుకొని 1963లో బరోడా వెళ్లాడు. అక్కడ కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర రెండేండ్లు కుడ్యచిత్రాలు, ముద్రణ కళ నేర్చుకున్నాడు. దేశదేశాల చిత్రకళ పరిచయమైంది. అంత దూరం పోయి వచ్చిన మనిషి ఏం గీయాలి? బొంబాయి మేడలు గీయలేదు. పారిస్ బొమ్మలకు నకళ్లు తీయలేదు. తిరిగొచ్చి నిజాంపూర్‌ను చూశాడు. మేకలను గీశాడు. తుమ్మచెట్లను, రాళ్లగుట్టలను, ఎండకు కమిలిన ఒళ్లను, తలపాగ చుట్టిన రైతును, వెండి కడియాలు తొడిగిన ఆడవాళ్లను గీశాడు.

ఈ మేకలు, గుట్టలు ఆయన పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నాయి. రోజూ చూసేదాన్ని కన్ను పట్టించుకోదు. బరోడా వెళ్లొచ్చాకే ఊరు ఆయనకు బొమ్మలాగ కనిపించిందని మేమనుకుంటున్నాం. చదువుకో, కొలువుకో ఊరు దాటిన మన పిల్లలందరికీ ఇది అనుభవమే. మొదటిసారి సెలవుల్లో బస్సు దిగి ఊరి చెరువుకట్టను చూసినప్పుడు కలిగేది అదే. కాకపోతే మనం చూసి మరిచిపోతాం. ఆయన రాగిరేకు మీద గీసిపెట్టాడు.

ఆ పని ఎట్లా జరుగుతుందో చెప్పాలి. లోహపు రేకు మీద మైనంలాంటి పూత పూస్తారు. సన్నటి సూదితో దానిమీద గీస్తే గీత ఉన్నచోట పూత లేచిపోతుంది. రేకును ఆమ్లంలో ముంచితే ఆమ్లం ఆ గీతలను మాత్రమే తింటుంది. గాడిలో సిరా నింపి, తడి కాగితం పరిచి మిషన్ కింద ఒత్తుతారు. ఇంత నిదానమైన పనిలో లక్ష్మాగౌడ్ మేక వెంట్రుకను, రాతి పగులును, చెట్టు బెరడును ఒకటొకటిగా పట్టుకున్నాడు. ఆ స్త్రీపురుషుల మోటుదనం, బట్టల్లేనితనం చూసి ముక్కు విరిచినవాళ్లు అప్పట్లో చాలామందే. ఊరి మనిషిని ఊరి మనిషిగా చూపితే పట్నపు మర్యాదకు ఎప్పుడూ కష్టమే కదా!

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం కూడా బరోడాలో సుబ్రహ్మణ్యన్ శిష్యుడే. ఆయన కూడా తిరిగొచ్చి పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లటి నిగనిగల ఒళ్లున్న మన అవ్వలనే గీశాడు. సినిమాల్లో మన భాషను రౌడీకి, జోకర్‌కు అప్పజెప్పిన కాలమది. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'కి కళాదర్శకత్వం వహించి వైకుంఠం జాతీయ అవార్డు అందుకున్నాడు. గడీ గోడల చీకటి ఎట్లుంటదో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది. సిద్దిపేటనే నమ్ముకున్న కాపు రాజయ్య బతుకమ్మను, బోనాలను బొమ్మకెక్కించాడు. ఓరుగల్లు జిల్లా పెనుగొండకు చెందిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ దాకా పోయి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకొని వచ్చి, కాకతీయ శిల్పాల మీద, దక్కన్ రాళ్ల మీద మనసు పెట్టాడు. మనం ఉద్యమంలో వద్దన్న తెలుగుతల్లి బొమ్మ గీసిందీ ఆయనే. చరిత్ర అట్లా ఎకసెక్కం చేస్తుంది. దానికి ఆ చేతిని తప్పుపట్టలేం.

మనకొక ముఖం ఉందని, మన నేలకొక రూపం ఉందని ఉద్యమ సభల కంటే ముందే చెప్పినవాళ్లు వీళ్లు. ఆ రూపం పేరు మీదనే కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నాం. మరి ఆ రూపం ఇప్పుడు ఏమవుతోంది?

లక్ష్మాగౌడ్ పాఠాలు చెప్పింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో. ఆ యూనివర్సిటీ ఎవరి దయాదాక్షిణ్యం కాదు. 1969లో మన పిల్లలు తూటాలకు ఎదురుపోయిన ఉద్యమం, 1972లో ఆంధ్రలో లేచిన ఉద్యమం, వాటి తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకం, దాని ఫలితంగా 1974లో పుట్టిన విద్యాలయం అది. దాని పక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఉమ్మడి రాష్ట్ర పాలకులు 2003లో ఒక క్రీడా కంపెనీకి ధారపోశారు. 2006లో అది రద్దయింది. కోర్టుల చుట్టూ తిరిగి భూమి సర్కారు చేతికి దక్కింది. దక్కినాక మన సర్కారు ఏం చేసింది? 2025 మార్చి ఆఖరులో బుల్డోజర్లు పంపింది. అడ్డుపడ్డ విద్యార్థులను పోలీసులు లాక్కుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే ఆగింది గానీ, అప్పటికే చాలా చెట్లు నేలకొరిగాయి.

కంచ అంటే పశువులు మేసే బీడు. లక్ష్మాగౌడ్ మేక మేసేది అక్కడే. సర్కారు లెక్కలో మాత్రం అది వేలంలో ఎకరానికి ఎంత పలుకుతుందన్న అంకె. ఆంధ్ర పాలకులు చేస్తే దోపిడీ, మనోళ్లు చేస్తే అభివృద్ధి అని చెప్పడానికి ఈ పత్రిక పుట్టలేదు.

గచ్చిబౌలికి దేశమంతా మాట్లాడింది. కరీంనగర్ గుట్టల కోసం ఎవరు మాట్లాడారు? అక్కడి గోధుమరంగు గ్రానైట్‌కు 'టాన్ బ్రౌన్' అని పేరుపెట్టి, కాకినాడ రేవు మీదుగా చైనా దాకా పంపారు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పిల్లలు ఎక్కి జారిన బండ, ఎల్లమ్మ గుడికి ఆసరాగా ఉన్న బండ ఏదో దేశంలో వంటింటి అరుగైంది. బరోడా పోయిన లక్ష్మాగౌడ్ నిజాంపూర్‌కు తిరిగొచ్చాడు. లారీ ఎక్కిన గుట్ట తిరిగి వస్తుందా?

కొలువులు కావాలి, రోడ్లు కావాలి, కంకర కావాలి. మేం కాదనడం లేదు. ఏ గుట్టను కొట్టాలి, దేన్ని ఉంచాలి అనేది ఎవరు తేలుస్తున్నారన్నదే మా ప్రశ్న. పహాణీలో 'పోట్ ఖరాబ్' అని ఒక ముక్క రాస్తే చాలు, గుట్ట పనికిరాని భూమి అయిపోతుంది. ఆ ముక్క రాసే చేతుల్లో సకల జనుల సమ్మె నాడు 42 రోజులు పెన్ను కిందపెట్టిన చేతులు కూడా ఉన్నాయి. రెవెన్యూ మిత్రులకు ఈ మాట చేదుగా ఉంటే ఉండనీ.

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. ఊరూరి గుట్టల జాబితా తయారుచేసి గ్రామపంచాయతీ గోడ మీద అంటించాలి. ఊరందరినీ కూసోబెట్టి అడగకుండా ఏ గుట్టనూ లీజుకు ఇవ్వొద్దు. కంచ గచ్చిబౌలిని వేలం పాటలోంచి శాశ్వతంగా తీసేయాలి. సర్కారు చేసేదాకా ఆగాల్సిన పని లేదు. బతుకమ్మ సెలవులకు ఊర్లకు పోయే విద్యార్థులు తమ ఊరి గుట్టల పేర్లు పెద్దమనుషులను అడిగి రాసుకొని రండి. ప్రతి గుట్టకూ ఒక పేరుంటుంది. ఫొటో తీసి, పేరు రాసి, సర్వే నంబరు తెలిస్తే అది కూడా చేర్చి మాకు పంపితే వారం వారం అచ్చు వేస్తాం.