అమ్మకు చెప్పని మాట

మా అమ్మాయి కాలేజీలో ఫ్రాటర్నిటీలో చేరతానన్నప్పుడు నా గుండె గుభేలుమంది. సినిమాల్లో చూసిన తాగుడు పార్టీలూ, కొత్తవాళ్ళను ఏడిపించడాలూ కళ్ళ ముందు తిరిగాయి.

"అది కాదమ్మా, ఇది డాక్టర్లు, డెంటిస్టులు అవుదామనుకునేవాళ్ళ సంఘం" అంది. అందులో ఆడపిల్లలు కూడా ఒకరినొకరు 'బ్రదర్' అనుకుంటారట! బాలవ్యాకరణం చదువుకున్న నాకు దీన్ని ఏ సూత్రంలో పెట్టాలో తెలియలేదు.

మన దగ్గర ఇంటర్ అవగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరతారు. ఇక్కడ అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ, 528 మార్కుల ఎమ్‌క్యాట్, ఆపైన మరో నాలుగేళ్ళ మెడికల్ స్కూలు. మార్కులొక్కటే చాలవు. ఆసుపత్రిలో సేవ, పరిశోధన, సిఫారసు ఉత్తరాలు కూడా కావాలి. ఇందులో ఒక్కటీ నాకు తెలియదు. మావారు ఇంజనీరు, ఆయనకూ తెలియదు.

ఇలాంటి సంఘాలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. ఫై డెల్టా ఎప్సిలాన్ అనేది 1904లో కార్నెల్ మెడికల్ కాలేజీలో మొదలైంది. మా అమ్మాయి చేరిన సంఘంలో కొత్తగా వచ్చినవాళ్ళకు పై క్లాసువాళ్ళను జత చేస్తారు. పెద్దవాళ్ళు 'బిగ్', చిన్నవాళ్ళు 'లిటిల్'.

రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి పరీక్షలో మా పిల్లకు నలభై ఒకటి వచ్చింది. నాకు చెప్పలేదు. తన బిగ్‌కి చెప్పుకుంది. ఆ అమ్మాయి తన పాత పేపరు తీసి చూపించిందట. ముప్ఫై ఎనిమిది! ఆ తరవాత ప్రతి ఆదివారం లైబ్రరీలో పక్కన కూర్చుని చదివించింది. భయపడుతుంటే ప్రొఫెసరు గది దాకా వెంట వెళ్ళింది.

నాకీ సంగతి థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తెలిసింది. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెబితే నువ్వు ఏడుస్తావమ్మా. అప్పుడు నా బాధ పక్కన పెట్టి నిన్ను ఓదార్చాలి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉక్రోషం, అసూయ అన్నీ కలిశాయి. తెల్లారేసరికి మాత్రం నిజం ఒప్పుకున్నాను. నా దగ్గర ప్రేమ ఉంది, దారి తెలియదు. ఆ పిల్ల నిన్ననే ఆ దారి నడిచింది. మన కోచింగ్ హాస్టళ్ళలో పక్క మంచం మీది పిల్లకు కనపడకుండా నోట్సు దాచుకోవడం చూశాను. తన తక్కువ మార్కులు తీసి చూపించే స్నేహం నాకు కొత్త.

అలాగని కళ్ళు మూసుకోమనడం లేదు. ప్రతి సెమిస్టరుకూ చందా ఎంతో, కొత్తవాళ్ళతో ఏం చేయిస్తారో అడగాలి. పిల్ల తనంతట తాను ఒక మాట దాచుకోవడం వేరు, "ఇంట్లో చెప్పొద్దు" అని ఎవరైనా దాపించడం వేరు. రెండోది వినపడితే అక్కడే ఆగాలి. మొదటిదానికి మాత్రం మనం నొచ్చుకోకూడదని నా అభిప్రాయం. అమ్మకు చెప్పలేనిది చెప్పుకోవడానికి ఒక మంచి మనిషి దొరికిందంటే, అది మనం ఓడిపోవడం కాదు.

ఈ ఏడు మా అమ్మాయే ఒక పిల్లకు బిగ్ అయింది. మొన్న రాత్రి ఫోనులో, "నా లిటిల్ ఏడుస్తోందమ్మా, తరవాత చేస్తా" అని పెట్టేసింది. ఆ పిల్ల తల్లికి ఆ సంగతి తెలిసి ఉండదు. ఫరవాలేదు, పక్కన మా అమ్మాయి ఉంది.