పట్నంలో ఫ్లాటు, పల్లెలో ఇల్లు – పన్ను ఎక్కడ?

ఈ నెల మా శీర్షికకు బెంగుళూరు నుండి ఒక పాఠకులు వ్రాసిన ప్రశ్ననే తీసికొంటున్నాము. వారికి మల్లేశ్వరంలో ఫ్లాటు వున్నది. హిందూపురం దగ్గిర పల్లెలో తాతలనాటి పెంకుటిల్లు, నాలుగెకరాల పొలం వున్నవి. ఉద్యోగం విరమించిన తరువాత భార్యాభర్తలిద్దరూ ఏడాదిలో సగం ఇక్కడ, సగం అక్కడ గడుపుతున్నారు. “నాన్నగారూ, ఏ చోటా 183 రోజులు దాటకుండా చూచుకోండి, రెండు రాష్ట్రాలవారూ పన్ను అడుగుతారు” అని అమెరికాలో వున్న కుమార్తె హెచ్చరించినదట. అది మొదలు ఆయన గోడమీది కేలండరులో రోజులు కొట్టివేస్తూ, పల్లెలో చెల్లెలి మనవరాలి బారసాలకు కూడా రోజులు మించిపోతాయని వెళ్ళడం మానుకున్నారట!

అయ్యా, మీరు నిశ్చింతగా వెళ్ళవచ్చును. మన దేశంలో ఆదాయపు పన్ను కేంద్రప్రభుత్వానిది. కర్ణాటకలో వున్నా, ఆంధ్రలో వున్నా, ఒరిస్సాలో వున్నా రేటు ఒక్కటే, లెక్క ఒక్కటే. మీరు ఆ సంవత్సరంలో భారతదేశంలో ఎన్ని రోజులున్నారన్నదే చట్టానికి కావలసినది. ఏ రాష్ట్రంలో ఎన్ని రాత్రులు నిద్రించారన్నది దానికి అక్కరలేదు. 1961నాటి చట్టం ఆ విధంగానే చెప్పినది. దాని స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేట్టు 2025లో చేసిన కొత్త చట్టమూ అదే పద్ధతిని వుంచినది.

అమ్మాయి చెప్పినది అబద్ధమని కాదు. అది వారి దేశపు సంగతి. అక్కడ కేంద్రం పన్ను వేరు, రాష్ట్రం పన్ను వేరు. న్యూయార్కు రాష్ట్రంలో ఒక స్థిరమైన నివాసం నిలుపుకొని, ఏడాదిలో 183 రోజులకు మించి ఆ రాష్ట్రంలో గడిపినవారిని, వారి సొంత కాపురం మరొక రాష్ట్రంలో వున్నప్పటికీ, నివాసులుగానే ఎంచి పన్ను వేస్తారు. రోజులో కొంత భాగం గడిపినా రోజు క్రిందనే జమ. న్యూజెర్సీలో కాపురముంటూ రోజూ న్యూయార్కు నగరానికి ఉద్యోగానికి వెళ్ళివచ్చే ఒక పెద్దమనిషికి, న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరభాగంలో ఒక విడిది ఇల్లు వున్నది. ఏడాదికి రెండు మూడు వారాలకంటె అక్కడ వుండడు. ఉద్యోగపు రోజులు, ఆ ఇల్లు రెండూ జతపరచి పన్నువారు పట్టుకున్నారు. అది ఆయన నివాసం క్రింద రాదని చివరకు 2022లో అప్పీలు కోర్టు తేల్చవలసివచ్చినది. అటువంటి చోట వున్న పిల్ల భయపడడంలో వింత లేదు గదా!

రోజుల లెక్క నిజానికి ఆమెకే కావాలి. అమెరికావంటి చోట పన్ను కట్టుకుంటూ, మిమ్మల్ని చూచిపోవడానికి వచ్చే భారత పౌరులు, భారత సంతతివారు ఏప్రిల్ మొదలు మార్చి దాకా 182 రోజులు ఇక్కడ నిండనంతవరకు సాధారణంగా ఇక్కడి నివాసులు కారు. అయితే ఇక్కడి ఆదాయం 15 లక్షలు మించి, వెనుకటి నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపివుంటే, 120 రోజులకే నివాసులౌతారు. ఇది 2020–21 నుండి వచ్చిన మార్పు. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు రెండూ కలుపుకొని చూచుకోవడం క్షేమం.

ఇక మీ రెండిళ్ళ మాట. పూర్వం ఒక్క ఇంటినే సొంత వాడకం క్రింద ఒప్పుకొనేవారు. రెండవది తాళం వేసివున్నా, అద్దెకిస్తే ఎంత వచ్చునో ఊహించి ఆ రాని అద్దెమీద పన్ను కట్టమనేవారు. ఊళ్ళో పెంకుటిల్లు నిలుపుకొన్నందుకు జరిమానావలె వుండేది. 2019–20 నుండి రెండిళ్ళవరకు ఆ బాధ తప్పినది. మూడవ ఇల్లు వున్నవారికి ఊహా అద్దె ఇప్పటికీ తప్పదు. ఇంటిపన్ను మాత్రం ఏ ఇంటిది ఆ ఊరికే. మీరు అందులో ఎన్నాళ్ళున్నారని పంచాయతీ అడగదు.

పొలం ఆదాయంమీద కేంద్రం పన్ను వేయదు. కాని అది ఖర్చులు పోను 5,000 రూపాయలు దాటి, పింఛను మొదలైన తక్కిన ఆదాయం పన్నులేని పరిమితిని మించితే, రేటు కట్టేటప్పుడు దానినికూడా కలిపి చూస్తారు. కనుక రిటర్నులో ఆ ఆదాయం చూపి తీరవలె. దాచుకోవలసినదేమీ లేదు.

మీరు అడగని ప్రశ్న ఒకటున్నది. నా దృష్టిలో అదే ముఖ్యం. మనవారు చాలామంది పట్నంలో ఒక ఓటు, “మన ఊళ్ళో” ఒక ఓటు వుంచుకొని, ఇల్లున్నది గదా, హక్కున్నదనుకుంటారు. 1950నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను ప్రకారం, ఒకచోట ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు. కొంతకాలం ఊరు విడిచి వున్నంత మాత్రాన నివాసం పోదు కూడా. రెండు చోట్ల పేరు వుండకూడదు. తెలిసి తప్పుడు వాఙ్మూలమిస్తే ఏడాదివరకు జైలుశిక్ష కూడా పడవచ్చును. మూడు తరాలుగా బెంగుళూరులో వున్నా, పెంకుటింటి అరుగుమీద కూర్చున్నప్పుడే మనసు కుదుటపడుతుందని మీరు వ్రాసినారు. అయితే భార్యాభర్తలిద్దరూ కూర్చుని, మీ కాపురం నిజంగా ఎక్కడిదో మీరే తేల్చుకోండి. పల్లె అని తోస్తే, 8వ నంబరు ఫారం పెట్టి పేరు మార్పించుకొనవచ్చును. ఈ నిర్ణయం మీకోసం ఏ పన్నుల ఆఫీసూ చేయదు.

కారు సంగతి కూడా చూడండి. కర్ణాటక నంబరు బండిని వరుసగా పన్నెండు నెలలకు మించి పల్లెలోనే వుంచదలిస్తే, ఆంధ్రలో కొత్త నంబరుకు దరఖాస్తు పెట్టుకోవలె. మీతోపాటు అటూ ఇటూ తిరిగే బండికి ఆ అవసరం రాదు.