మస్తానమ్మ చేతి వంట

పల్నాడు అవ్వల మీద ఈ సంచిక సిద్ధం చేస్తుంటే గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ పదేపదే గుర్తొచ్చింది. చిన్ననాడే పెళ్లి, ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. కూలిపని చేసి పిల్లల్ని సాకింది. నూరేళ్లు దాటాక, 2016లో, ఆమె వండుతుంటే మునిమనవడు వీడియో తీశాడు. అల్లం పొట్టు గోళ్లతోనే గీకేది. ఆరుబయట కట్టెల పొయ్యి మీద, పుచ్చకాయ డొల్లలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో పోయేనాటికి ఆమె యూట్యూబ్ ఛానెల్‌కు పన్నెండు లక్షలకు పైగా చందాదారులు.

ఆ పేరు కన్నా నాకు ఆమె ధీమా గొప్పగా అనిపిస్తుంది. ఎంత బతుకు మోసిన చేతులవి! నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో పదిమందికి వండిపెట్టి, వాడకట్టుకు పెద్దదిక్కైన అవ్వల కథలు లోపలి పేజీల్లో ఉన్నాయి. మీ ఇంటి అవ్వ సంగతీ రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.