సేంద్రియ పత్తి బట్ట: మేలు ఎవరి ఒంటికి?

సేంద్రియ పత్తితో నేసిన బట్టలు కొనాలా, వాటివల్ల ఆరోగ్యానికి నిజంగా మేలు ఉందా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మామూలు నూలు చొక్కాలో మిగిలిన పురుగుమందు చర్మంలోకి ఇంకుతుందన్న ప్రచారమే ఈ సందేహానికి మూలం. ఆ భయం చాలావరకు అనవసరం. పత్తి దారమై, బట్టై, రసాయనాలలో ఉడికి, పలుమార్లు కడిగించుకొని మీ చేతికి వచ్చేసరికి పొలంలో చల్లిన మందు దాదాపు మిగలదు. అయినా స్తోమత ఉన్నవారిని సేంద్రియ పత్తినే ఎంచుకోమంటాను. కారణం మీ చర్మం కాదు, ఆ పత్తి పండించినవారి శరీరం.

మా తిరుమలాయపాలెం చుట్టుపక్కల పత్తి, మిర్చి ప్రధానమైన పంటలు. మందు కొట్టే నెలల్లో ఆసుపత్రికి ఎలాంటి రోగులు వస్తారో ఈ ప్రాంతంలో పనిచేసిన ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతాడు. నోటివెంట చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు, అదిరే కండరాలు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు నరాల సంకేతాలను అదుపులో ఉంచే ఒక ఎంజైమును పనిచేయనివ్వవు. తాగితేనే విషమని చాలామంది అనుకుంటారు. వీపున పంపు కారి చొక్కా తడిసి, ఆ తడి చొక్కాతోనే సాయంత్రం దాకా సాళ్లలో తిరిగినా మందు చర్మం గుండా లోపలికి పోతుంది. అట్రోపిన్ ఇంజక్షన్లతో ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపిన మనిషి కొద్ది రోజులకే మళ్లీ అదే పంపు ఎత్తుకోవడం చూశాను. ఎత్తుకోక ఏం చేస్తాడు, అప్పు తెచ్చి వేసిన పంట కదా!

మందు లేకుండా పత్తి పండుతుందా అంటే, పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం పండించి చూపింది. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 1999 ప్రాంతంలో కొద్దిమంది రైతులు మొదలుపెట్టారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, ఇవే వారి సాధనాలు. మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేసినట్టు ప్రకటించుకుంది. రసాయన ఎరువులను వదలాలన్న నియమం ఆ పద్ధతిలో లేదు కనుక దాన్ని పూర్తి సేంద్రియం అనలేం. ఆ తర్వాత ఎరువులను కూడా వదిలిన ఊరు జనగామ వైపు ఏనబావి. వైద్యుడిగా నాకు మాత్రం పునుకుల వేసిన మొదటి అడుగే ముఖ్యం. ప్రాణాలు తీసేది పురుగుమందు.

ఇక తొడిగేవారి సంగతి. ఖమ్మం ఎండల్లో పాలిస్టర్ చెమటను పీల్చదు. గజ్జల్లో, చంకల్లో తడి నిలిచి తామర పెరుగుతుంది. పిల్లలకు టెరికాట్ యూనిఫారాలు తొడిగించి, తర్వాత చెమటకాయలకు పౌడరు రాయించడం నాకు ఎప్పటికీ అర్థంకాని విషయం. పాలిస్టర్‌కు వేసే రంగులు కొందరికి దద్దుర్లు తెస్తాయి. ముడతలు పడని బట్టకు పట్టించే ఫార్మాల్డిహైడ్ రెజిన్లూ అంతే. పైగా పాలిస్టర్ ప్లాస్టిక్కే. ఉతికిన ప్రతిసారీ సన్నని పోగులు నీటిలో కలుస్తాయి. ఈ బాధలు తప్పడానికి మామూలు నూలు బట్ట చాలు. పసిపిల్లలకు అమ్మమ్మ పాత నేతచీరను మించిన పొత్తిగుడ్డ ఏ దుకాణంలోనూ దొరకదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చేనేత అన్నంత మాత్రాన సేంద్రియం కాదు, సహజ రంగులు అద్దినంత మాత్రానా కాదు. మగ్గం మీద నేసినా ఆ నూలు మందు కొట్టిన చేనిదే కావచ్చు. చేనేతను వేరే కారణాలతో కొనండి, తప్పకుండా కొనండి. సేంద్రియ పత్తికి జన్యుమార్పిడి విత్తనం వాడరాదు. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పొలాలన్నీ దాదాపు దానివే అయ్యాయి. అందుకే అసలైన సేంద్రియ పత్తి అరుదు, ధర ఎక్కువ. కారుచౌకగా అమ్మే బట్టకు ‘ఆర్గానిక్’ అని చీటీ ఉంటే నమ్మకండి. జీఓటీఎస్ ముద్ర ఉన్నచోట ‘ఆర్గానిక్’ అంటే కనీసం 95 శాతం సేంద్రియ నూలు. ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అంటే కనీసం 70 శాతం. ముద్ర పక్కనే ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉండాలి. అవి లేకపోతే అదనపు డబ్బు ఇవ్వకండి. మామూలు నూలు బట్టే కొని, తొడిగే ముందు ఒకసారి ఉతుక్కోండి.