స్మోకర్ సరే, కట్టెలు వేసేదెవరు?

మా డాలస్‌లో చలి తగ్గగానే మగవాళ్ళ మనసు ఆఫ్‌సెట్ స్మోకర్ మీదకి పోతుంది. పక్కనుండే చిన్న పెట్టెలో కట్టెలు మండుతాయి. ఆ వేడీ పొగా పెద్ద పెట్టెలో మాంసం మీదుగా వెళ్ళి అవతల చిమ్నీలోంచి పోతాయి. అంతే దాని సంగతి.

కొనేటప్పుడు రంగూ చక్రాలూ కాదు, ఇనుము మందం చూడండి. పావు అంగుళం ఉంటే వేడి నిలుస్తుంది. పల్చటి రేకుదైతే గాలి వీచినప్పుడల్లా చల్లబడి కట్టెలు మింగుతూనే ఉంటుంది. మూత సందుల్లోంచి పొగ వచ్చేది అసలొద్దు.

ఓక్ కట్టెలు బాగా ఎండినవే వాడండి. దట్టంగా తెల్లపొగ వస్తే మాంసం చేదెక్కుతుంది, సన్నగా నీలంగా రావాలి. (ఊదుగొట్టం పట్టిన మా అమ్మమ్మకి ఈ పాఠం అక్కర్లేదు.)

225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మేక తొడ ఉడకడానికి గంటలు గంటలు పడుతుంది. అంతసేపూ కట్టెలు వేస్తూనే ఉండాలి. అవి వేసేదెవరో కొనకముందే తేల్చుకోమంటాను. ఆయన మంట వెలిగించి ఫోటోకి నిలబడి, పులావూ పెరుగుచట్నీ చెయ్యడం, చివర్న జిడ్డు గోకడం మనకి వదిలేస్తే అది ఆయన వంటెలా అవుతుంది? మా ఇంట్లో మంటా ఆయనదే, బూడిదా ఆయనదే. ఆ రోజు నేను అన్నం కూడా వండను.