బరువు ఒక్కటే బలమా?

ఆటల పీరియడులో జట్లు ఎంచుకునేటప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. ముందుగా పొడుగ్గా, దిట్టంగా ఉన్నవాళ్లకు పిలుపు వస్తుంది. బక్కపలచని వాళ్లు చివరిదాకా నిలబడి ఉంటారు. ఒక్కోసారి గీత అవతలే ఉండిపోతారు. “వాడికింకా కండ పట్టలేదు” అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. ఇది న్యాయమా కాదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఇది శాస్త్రానికి నిలుస్తుందా?

పరీక్షించడానికి ఐస్ హాకీని తీసుకుందాం. పెద్ద దేహం ఉంటేనే రాణిస్తారని చాలామంది నమ్మే ఆట అది. మన దేశంలో లదాఖ్‌లో చలికాలంలో ఆడతారు గాని, ఈ ఆటకు పెద్ద పేరు తెచ్చింది కెనడా. అక్కడి వృత్తి ఆటగాళ్లు ఆడే మంచు మైదానం పొడవు సుమారు 61 మీటర్లు, వెడల్పు 26 మీటర్లు. గోలు కాపలాదారుతో కలిపి జట్టుకు ఆరుగురు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని పక్ అంటారు. బిళ్ల ఎవరి దగ్గరుంటే అతణ్ణి భుజంతో ఢీకొట్టడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్ల సగటు ఎత్తు సుమారు 6 అడుగుల 1 అంగుళం, బరువు సుమారు 90 కిలోలు. మరి బక్కవాడికి అక్కడ చోటేదీ అంటారా? తొందరపడకండి.

చిన్న లెక్క ఒకటి వేయండి. ఒక ఆటగాడి ద్రవ్యరాశి 100 కిలోలు, వేగం సెకనుకు 8 మీటర్లు. మరొకడి ద్రవ్యరాశి 80 కిలోలే, కాని వేగం సెకనుకు 10 మీటర్లు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుంది కదా. ఇద్దరికీ 800 వచ్చింది! అంటే ఎదురెదురుగా ఢీకొని ఒకరినొకరు పట్టుకుంటే ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. సన్నవాడు వెనక్కి ఎగిరిపడడు. గతిజశక్తి లెక్క ఇంకా వింతగా ఉంటుంది. లావువాడికి 3,200 జౌళ్లు, సన్నవాడికి 4,000 జౌళ్లు. ఎందుకంటే ఆ సూత్రంలో ద్రవ్యరాశి ఒక్కసారే వస్తుంది, వేగం మాత్రం వర్గమై వస్తుంది.

అలాగని బరువుకు విలువే లేదనకూడదు. ఆగిపోయేటప్పుడు సన్నవాడి వేగం 10 నుంచి సున్నాకు పడిపోతుంది, లావువాడిది 8 నుంచే. కనుక కుదుపు సన్నవాడికే ఎక్కువ. స్లొవేకియాకు చెందిన జ్డెనో ఖారా ఎత్తు 206 సెంటీమీటర్లు. 2012లో జరిగిన పోటీలో అతడు కొట్టిన బిళ్ల గంటకు 175 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. పొడవైన చేతులు, పొడవైన కర్ర అతనికి మేలు చేశాయి. ఒప్పుకుందాం.

కాని మంచు మీద బలం అంటే ఏ బలం? స్కేటు జారుతూ ఉంటుంది కాబట్టి, పరుగులోలాగా నేలను తిన్నగా వెనక్కి నెట్టడం కుదరదు. పక్కకు నెట్టాలి. ఆ పని పిరుదులది, తొడలది, తొడ లోపలి కండరాలది. చొక్కా మడిచి చూపించే దండ కండ అక్కడ పెద్దగా పనికిరాదు.

ఇంకో సంగతి. ఐస్ హాకీలో ఒక ఆటగాడు ఒక విడతలో సుమారు ముప్పావు నిమిషమే మంచు మీద ఉంటాడు. తర్వాత బల్ల మీద కూర్చుని రొప్పుతాడు, మళ్లీ దిగుతాడు. మొదటి కొన్ని సెకన్లు కండరంలో నిలవ ఉన్న రసాయన శక్తి ఎక్కువగా పనిచేస్తుంది. ఆ తర్వాత ప్రాణవాయువు చాలినంత అందక ముందే గ్లూకోజు విచ్ఛిన్నమై శక్తినిస్తుంది. బల్ల మీద కూర్చున్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఆ అప్పు తీరుస్తాయి. అప్పు త్వరగా తీర్చగలిగినవాడే మూడో భాగంలోనూ మొదటి భాగంలాగే ఆడతాడు. ఈ సామర్థ్యం త్రాసు మీద కనిపించదు.

1972లో కెనడా వృత్తి ఆటగాళ్లకూ సోవియట్ జట్టుకూ ఎనిమిది ఆటల పోటీ జరిగింది. కెనడావారు సులువుగా గెలుస్తామనుకున్నారు. మాంట్రియల్‌లో మొదటి ఆటలోనే 7-3తో ఓడిపోయారు! చివరికి నాలుగు గెలిచి, మూడు ఓడి, ఒకటి సమం చేసుకుని ఎలాగో గట్టెక్కారు. సోవియట్ ఆటగాళ్లు ఏడాది పొడవునా, మంచు లేని రోజుల్లోనూ సాధన చేసేవారు. కెనడావారు వేసవి విశ్రాంతి ముగించుకుని వచ్చారు. ఆ పాఠం వృథా పోలేదు. నేటి వృత్తి ఆటగాళ్లకు వేసవి కూడా శిక్షణ కాలమే.

ఇక కొలతల సంగతి చూడండి. కెనడాకు చెందిన శామ్ బెన్నెట్ 2014లో కొత్త ఆటగాళ్ల దేహ పరీక్షలో కడ్డీకి వేలాడి ఒక్కసారి కూడా పైకి లేవలేకపోయాడు. పత్రికలు నవ్వాయి. 2025లో ఫ్లోరిడా జట్టు స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు, ఆ చివరి పోటీలన్నిటిలో అత్యుత్తముడికిచ్చే బహుమతి అతనికే దక్కింది. మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు 173 సెంటీమీటర్లు. జట్లు కొత్తవారిని ఎంచుకునే రోజున ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. 2004లో లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడు అతడే అయ్యాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కెనడాలో పిల్లల జట్లకు వయసు జనవరి 1 నుంచి లెక్కిస్తారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. కాని పెద్దవాడికి దాదాపు ఏడాది ఎదుగుదల ఎక్కువ. 1980లలో రోజర్ బార్న్స్‌లీ, అతని తోటి పరిశోధకులు పెద్ద జట్ల ఆటగాళ్ల పుట్టిన నెలలు లెక్కపెట్టారు. ఏడాది మొదటి మూడు నెలల్లో పుట్టినవారు చాలా ఎక్కువ, చివరి మూడు నెలలవారు చాలా తక్కువ. జనవరి పిల్లలకు పుట్టుకతో నేర్పు వచ్చిందా? లేదు. చిన్నప్పుడు కాస్త పెద్దగా కనిపించారు, ఎంపికయ్యారు, మంచి శిక్షణ పొందారు, నిజంగానే మెరుగయ్యారు. డిసెంబరు పిల్లలు ఇంటికి వెళ్లిపోయారు.

జూన్‌లో నాటిన మొక్కనూ ఆగస్టులో నాటిన మొక్కనూ దసరానాడు పక్కపక్కన పెట్టి, పొట్టిగా ఉన్న దాని విత్తనం మంచిది కాదంటే రైతు నవ్వడూ? మనం పిల్లల విషయంలో అదే చేస్తున్నాం.

అందుకే నా అభిప్రాయం ఇది. ఎదిగే వయసులో ఎత్తునూ బరువునూ బట్టి ఎవరినీ పక్కన పెట్టకూడదు. ఆటల మాస్టారు ఎవరు ఎంత ఉన్నారో కాక, నిన్నటికంటే ఎవరు ఎంత మెరుగయ్యారో పలక మీద రాయాలి. మీరు కూడా కండలు పెంచుతామనే పొడుల డబ్బాల వెంట పడకండి. పరుగెత్తండి, గెంతండి, కడుపునిండా తినండి, కంటినిండా నిద్రపోండి. ఎదుగుదల దాని వేళకు అది వస్తుంది. నేర్పు మాత్రం అవకాశం ఇస్తేనే వస్తుంది.

ఈసారి జట్టు ఎంచుకునే వంతు మీదైతే, ఎప్పుడూ చివర మిగిలే ఆ ఒక్కరిని ముందు పిలిచి చూడండి.