పెళ్లి ఖర్చు లెక్క పెళ్లి చేసుకునేవాళ్లదే

“పెళ్లి జీవితంలో ఒక్కసారే కదా, ఖర్చుకు వెనకాడతామా?” ఈ ఒక్క మాటతో మన ఇళ్లలో అందరి నోళ్లూ మూతపడతాయి. ఎవరైనా ఇంకా ఏదో అనబోతే, డబ్బు సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు, పిల్లలు తలదూర్చకూడదంటారు. ఈ రెండు మాటలూ తప్పు. పెళ్లి ఒక్కసారే అయినా దానికి చేసిన అప్పు వాయిదా నెలనెలా కట్టాలి.

బ్యాంకులో 10 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటే, 14 శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలకు దాదాపు 23,270 రూపాయలు కట్టాలి. మొత్తం 14 లక్షలకు దగ్గరపడుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 5 లక్షలకైతే నెలకు పదివేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. ఆ అప్పు పేరుకు తండ్రిదే అయినా, చాలా ఇళ్లలో దాన్ని తీర్చేది కొత్త జంట జీతమో, తమ్ముడి చదువుకని దాచిన సొమ్మో, అమ్మేసిన అరెకరమో. తీర్చాల్సినవాళ్లు లెక్క అడగకూడదనడం ఏం న్యాయం?

బడ్జెట్ అంటే మండపం పూలు తగ్గించడం అనుకుంటారు. అసలు ఖర్చంతా వచ్చే జనంలో ఉంది. ప్లేటు 700 అనుకుంటే వెయ్యి మందికి 7 లక్షలు, నాలుగు వందల మందికి 2 లక్షల 80 వేలు. హాలు, విడిది గదులు, బస్సులు, రిటర్న్ గిఫ్టులు అన్నీ ఆ అంకె వెంటే పెరుగుతాయి. క్యాటరర్‌కి ఒప్పుకున్న ప్లేట్లకు జనం రాకపోయినా కట్టాల్సిందే. అందుకే పెళ్లి చేసుకునే ఇద్దరూ కూర్చుని మొదట రాయాల్సింది పేర్లు. పేరు చెబితే ముఖం గుర్తురానివాళ్లను పిలవనక్కర్లేదు. ఇద్దరి పొదుపు, అప్పు చేయకుండా రెండిళ్లవాళ్లూ ఇవ్వగలిగింది కలిపితే ఎంతో, అదే హద్దు. అందులో పదో వంతు విడిగా ఉంచాలి. జాకెట్ల కుట్టుకూలి, భజంత్రీల సంభావన, చివరి నిమిషం కార్లు ఆఖరి వారంలోనే మీదపడతాయి.

“ఇన్నేళ్లూ అందరి పెళ్లిళ్లలో తిన్నాం, మనం పెట్టకపోతే ఎలా?” అంటారు. ఇది నేను గౌరవించే మాట. కానీ ఆ బాకీ కడుపునిండా భోజనం పెడితే తీరిపోతుంది. డ్రోన్ కెమెరా, ప్రీ వెడ్డింగ్ షూట్, సంగీత్ రాత్రి మనం ఎవరికి బాకీ? పరువంటారా, తిరుమల కల్యాణ వేదికలో టీటీడీ పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని ఉచితంగానే ఇస్తుంది. అక్కడ తాళి కట్టించుకున్న పిల్లను ఎవరూ తక్కువగా చూడటం నేనెరగను.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది, “కట్నం వద్దు, పెళ్లి మాత్రం ఘనంగా చేయండి” అనే ఔదార్యం. కట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. ఆ డబ్బే ఇప్పుడు హాలు అద్దెగా, ప్లేట్లుగా, ఆడపడుచు లాంఛనాలుగా పెళ్లికూతురి తండ్రి చేతిలోంచి పోతోంది. ఖర్చు చెరిసగం అని అబ్బాయి తన ఇంట్లో తానే చెప్పాలి. అమ్మాయి చెబితే “కాపురానికి రాకముందే లెక్కలా” అంటారు. కొడుకు చెబితే ఆ ఇంట్లో వింటారు.

అదీ తాంబూలాలకు ముందే చెప్పాలి. హాలుకు అడ్వాన్సు ఇచ్చి, బంధువులకు తేదీ చెప్పేశాక, ఏ అంకె తగ్గించబోయినా ఎవరో ఒకరికి అది తమను అవమానించినట్టే తోస్తుంది.